పేరు కూడా అమానతే

హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారి ఒంటె వృత్తాంతం సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఒక దండయాత్ర నుండి తిరిగి వస్తున్నప్పుడు ఆయన ఒంటె అలసిపోయి వెనుకబడింది. దైవప్రవక్త (స) ఆ ఒంటెను అదిలించి, దుఆ చేయగా అది చురుకుగా నడవసాగింది. తరువాత ఆయన దానిని తమకు అమ్మమని అడిగారు. ఒక ఊఖియా వెండికి బేరం కుదిరింది. మదీనా చేరే వరకు తాను దానిపైనే ప్రయాణిస్తానని జాబిర్ (రజి) కోరగా, ప్రవక్త (స) అంగీకరించారు. మదీనా చేరిన తరువాత జాబిర్ (రజి) ఒంటెను తెచ్చి అప్పగించారు. ప్రవక్త (స) వెల చెల్లించి, ఆ ఒంటెను కూడా ఆయనకే ఇచ్చివేశారు.

ఒప్పందంలో ఇలాంటి షరతు పెట్టవచ్చునా లేదా అన్న విషయంలో ఫిఖహ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చను మేము ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. అయితే ఈ వృత్తాంతంలో అందరూ అంగీకరించే విషయం ఒకటి ఉన్నది. వాహనం ఎప్పుడు ఎవరిది, ఎంతవరకు ఎవరి స్వాధీనంలో ఉంటుంది, వెల ఎప్పుడు చేతికి అందుతుంది అన్నవి ఇద్దరికీ స్పష్టంగా తెలుసు. ప్రయాణం ముగిసే సరికి ఒకరి బరువు మరొకరి మీద మిగలలేదు. ఇంత తేటగా ఉన్న పాఠాన్ని పిల్లలకు చెప్పి, మా సొంత వాహనం కొన్నప్పుడు మేమే మరచిపోయాము. ఆ సంగతిని సిగ్గుతోనే ఇక్కడ వ్రాస్తున్నాము. మా అనుభవం మరొక కుటుంబానికి ఉపయోగపడితే ఆ సిగ్గు వృథా కాదని మా ఆశ.

గూడెం కొత్తవీధి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ మండలం. 2022 ఏప్రిల్‌లో ఈ జిల్లా ఏర్పడక ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఒకవైపు చింతపల్లి, మరొకవైపు సీలేరు, ఆ పైన ఒడిశా సరిహద్దు. కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, మలుపు తరువాత మలుపుగా సాగే ఘాట్ రోడ్డు. చూడవచ్చిన వారికి అందంగా కనిపించే ఈ దారి, రోగిని తీసుకొని నర్సీపట్నం దిగవలసిన వారికి ఎంతో దూరంగా తోస్తుంది. మా అమ్మీజాన్‌కు నెలకు రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లవలసిన అవసరం ఏర్పడింది. కిక్కిరిసిన బస్సులో ఆమె నిలబడలేరు. అద్దె జీపుకు ఇచ్చే సొమ్ము మా జీతానికి మించినది. అందువల్ల ఒక పాత వాహనం కొనాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించాము.

జయపురంలో ఉన్న మా బంధువు ఒకరు కబురు పంపారు. కోరాపుట్ జిల్లాలోని ఆ పట్టణంలో తెలుగు వారు తరతరాలుగా ఉన్నారు. అక్కడి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఏడు సీట్ల వాహనాన్ని అమ్మదలచారు. వడ్డీ లేకుండా, కూడబెట్టిన సొమ్ముతో కొనగలిగిన ధర. మేము, మా అబ్బాయి వెళ్లి చూశాము. ఆ పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, మేము అడగకముందే వాహనంలోని లోపాలన్నీ చెప్పారు. గేరుపెట్టె ఒకసారి విప్పించారనీ, ఎడమ తలుపు వానలో కారుతుందనీ, వెనుక చక్రాలు త్వరలో మార్చవలసి వస్తుందనీ చెప్పారు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గుర్తించి, ఆ వర్తకుణ్ణి మందలించిన ప్రవక్త (స) ఉదంతం మాకు గుర్తుకు వచ్చింది. ముస్లిమేతరుడైన ఈ పెద్దాయన ఆ హదీసును విని ఉండరు. అయినా రాశిలోని తడి గింజలను పైకి తీసి మా ముందు పెట్టారు.

సొమ్ము చెల్లించాము. తెల్ల కాగితం మీద రసీదు వ్రాసుకున్నాము. ఇద్దరు సాక్షులు సంతకం చేశారు. యాజమాన్య మార్పిడికి కావలసిన 29వ, 30వ నమూనా పత్రాలపై ఆయన సంతకాలు చేసి మాకు ఇచ్చారు. తేదీ గడి ఖాళీగా ఉన్నది. "మౌలానా గారూ, నిరభ్యంతర పత్రం తీసుకొన్న తరువాత బండి తీసుకువెళ్లరాదా?" అని ఆయన అడిగారు. దానికి నెల రోజులు పట్టవచ్చునని విని, అమ్మీజాన్ వైద్యం ఆగిపోతుందని చెప్పి, పది రోజులలో మళ్లీ వస్తామని మేము మాట ఇచ్చాము. ఆ మాట ఇచ్చినది మేమే.

సవారీ దుఆ చదువుకొని బయలుదేరాము. కోరాపుట్, సెమిలిగుడ, నందపూర్, పాడువా, అరకు, పాడేరు మీదుగా చింతపల్లి చేరి, అక్కడి నుండి ఇల్లు. దారిలో జుహర్, అసర్ నమాజులను ప్రయాణికుల వలె ఖస్ర్ చేసుకొన్నాము. ఆ రోజు మా ప్రయాణం చట్టబద్ధమైనదే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ పత్రం, అమలులో ఉన్న బీమా, కాలుష్య తనిఖీ పత్రం, నడిపేవారి లైసెన్సు, కొనుగోలు రసీదు ఉంటే, వేరే రాష్ట్రపు నంబరుతో ఇంటికి తెచ్చుకోవడంలో తప్పు లేదు. తప్పు ఇంటికి వచ్చిన తరువాత మొదలైంది.

పది రోజులు గడిచాయి. పరీక్షలు వచ్చాయి. రమజాన్ వచ్చింది. "అబ్బా, ఏడాది వరకు ఏమీ చేయనవసరం లేదట. అందరూ ఇలాగే తిప్పుతున్నారు" అని మా అబ్బాయి అన్నాడు. వేరే రాష్ట్రపు వాహనానికి ఇక్కడ జీవితకాల పన్ను కట్టవలసి ఉన్నది. లెక్క చూస్తే మా రెండు నెలల జీతానికి దగ్గరగా ఉన్నది. ఏడాది గడువు ఉన్నదన్న మాట మాకు ఇంపుగా వినిపించింది. ఇంపుగా ఉన్న ఫత్వాను మనిషి తిరిగి పరిశీలించడు. మేమూ పరిశీలించలేదు.

నాలుగవ నెలలో ఒక రాత్రి మా అబ్బాయి తన స్నేహితునికి పెళ్లి ప్రయాణం కోసం వాహనం ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు తనిఖీ వద్ద పోలీసులు ఆపారు. మన ప్రాంతంలో తనిఖీ ఎందుకో పాఠకులకు తెలియనిది కాదు. గంజాయి రవాణా ఈ కొండల పేరును దేశమంతా అప్రతిష్ఠ పాలు చేసింది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరిట తోటలను నరికించినప్పటి నుండి దారులపై నిఘా మరింత పెరిగింది. మాదక ద్రవ్యాల చట్టం, 1985 ప్రకారం ఆ సరుకు మోసిన వాహనాన్ని జప్తు చేయవచ్చు. తనకు తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ నిరూపించుకోవలసిన భారం యజమానిపై పడుతుంది. మా వాహనంలో పెళ్లి భోజనం గిన్నెలు తప్ప మరేమీ లేవు. కాని ఒడిశా నంబరు, నడుపుతున్నది ఒకరు, తెచ్చినది మరొకరు, పత్రంలో పేరు ఇంకొకరిది. ఏదీ సరిపోలకపోవడంతో, యజమాని తేలే వరకు వాహనాన్ని నిలిపివేశారు. వారు తమ విధి నిర్వర్తించారు.

పత్రంలో ఉన్న పేరు జయపురం పెద్దాయనది. ఫోను ఆయనకే వెళ్లింది, అర్ధరాత్రి వేళ. మీ బండి ఎవరి దగ్గర ఉన్నది, ఎందుకు ఇచ్చారు, అమ్మితే కాగితం ఏది అని అడిగారట. డెబ్బై దాటిన మనిషి, చక్కెర వ్యాధి ఉన్నవారు. ఆ రాత్రంతా ఆయన, ఆయన భార్య నిద్రపోలేదు. మేము విషయం తెలుసుకొని ఫోను చేసేసరికి ఆయన అప్పటికే బస్సు ఎక్కి ఉన్నారు. రసీదు నకలు సంచిలో పెట్టుకొని, బస్సులు మారుతూ, సాయంత్రానికి స్టేషనుకు చేరారు. మమ్మల్ని చూసి ఆయన కోపగించలేదు. "బండి మీదే, మౌలానా గారూ. కాని నిన్న రాత్రి అందరూ దానిని నాదనే అన్నారు" అని మాత్రం అన్నారు. పోలీసుల ఎదుట మేము వాహనం కొన్నది నిజమని సాక్ష్యం చెప్పి, సంతకం చేశారు. వాహనం మా చేతికి వచ్చింది.

ఆ రాత్రి ఆయనను మా ఇంట ఉంచుకొన్నాము. మా ఇంటివారు ఆయనకు జొన్నరొట్టె, పప్పు వడ్డించి, ఆయన పడుకొన్న తరువాత మాతో ఇలా అన్నారు: "మీరు పిల్లలకు అమానత్ పాఠం చెబుతారు కదా. డబ్బు ఇచ్చి బండి తెచ్చుకొన్నాము. ఆయన పేరు ఎందుకు అట్టే పెట్టుకొన్నాము?"

మాకు సమాధానం తోచలేదు. మేము వెల చెల్లించినది వాహనానికి. ఆయన పేరును కొనలేదు, ఆయన మాకు దానం చేయలేదు. పది రోజుల కోసం నమ్మి అప్పగించారు. గడువు దాటిన తరువాత కూడా ఇతరుల వస్తువును వాడుకోవడాన్ని ఫిఖహ్‌లో ఏమంటారో మేము ప్రతి ఏటా తరగతిలో చెబుతాము. ఆ రాత్రి ఆ పదాన్ని మా మీదే ప్రయోగించుకోవలసి వచ్చింది.

అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనది. అది విశ్వాసాల గురించి కాక, లావాదేవీలను వ్రాసుకోవడం గురించి అవతరించింది. చేతికి చేయి అందించే తక్షణ వ్యాపారాన్ని వ్రాయకపోయినా దోషం లేదని అందులో మినహాయింపు ఉన్నది. మాది నగదు బేరమే కదా అని మేము మనసుకు నచ్చజెప్పుకొన్నాము. కాని ఆలోచించి చూడండి. కూరగాయల బేరం చేయి మారగానే ముగుస్తుంది. మోటారు వాహనం చేయి మారినంత మాత్రాన ముగియదు. పేరు మారే వరకు దాని బాధ్యత అమ్మినవారి మెడలోనే వేలాడుతుంది. ముగియని ఒప్పందం ఒక విధమైన బాకీయే. బాకీ, చిన్నదైనా పెద్దదైనా, దాని గడువుతో సహా వ్రాయడానికి విసుగుపడరాదన్నది ఆ ఆయతు సారాంశం. వ్రాసేవారికి గాని సాక్షికి గాని హాని కలగరాదన్నది కూడా అందులోనే ఉన్నది. ఆ రాత్రి మా ఇంట పడుకొన్న మనిషి మా బేరానికి సాక్షి. ఆయనకు హాని కలిగించినది మేము.

పేరు మారకపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. ఆ వ్యవహారంలో ఒక కారు యజమాని దానిని అమ్మివేశాడు. అది మరికొన్ని చేతులు మారింది. రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి వ్యక్తి పేరనే ఉండిపోయింది. 2009లో ఆ కారు ప్రమాదంలో ఒక బాలుడు మరణించాడు. పరిహారం చెల్లించవలసిన యజమాని రిజిస్ట్రేషన్‌లో పేరున్న వ్యక్తే అని న్యాయస్థానం తేల్చింది. బాధితులు చేతులు మారిన ప్రతి కొనుగోలుదారునీ వెతుక్కుంటూ తిరగవలసిన పని లేదన్నది అందులోని న్యాయం. పెళ్లి నుండి వస్తున్న ఆ రాత్రి తనిఖీకి బదులు ప్రమాదమే జరిగి ఉంటే ఏమయ్యేది? మేము దాచుకొన్న పన్ను సొమ్ముకు ఆ పెద్దాయన తన పింఛనుతో మూల్యం చెల్లించవలసి వచ్చేది. తలచుకొంటే ఇప్పటికీ మా గుండె ఝల్లుమంటుంది.

మరునాడు ఉదయం ఆయనతోపాటే జయపురం వెళ్లాము. అప్పుడు నేర్చుకొన్నది క్రమంగా చెబుతాము.

ముందుగా ఏడాది గడువు సంగతి. చట్టంలోని 47వ సెక్షన్‌లో పన్నెండు నెలల మాట ఉన్నది నిజమే. ఒక వాహనాన్ని వేరే రాష్ట్రానికి తీసుకువెళ్లి, అక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలన్నది ఆ నియమం. యాజమాన్యం మారినప్పుడు వర్తించేది 50వ సెక్షన్. దాని ప్రకారం కొన్నవారు తాము నివసించే ప్రాంతపు రిజిస్ట్రేషన్ అధికారికి ముప్పై రోజులలోగా తెలియజేయాలి. వాహనం వేరే రాష్ట్రానిదైతే అమ్మినవారు నలభై ఐదు రోజులలోగా నిరభ్యంతర పత్రాన్ని పంపాలి. రెండు నియమాలను కలగలిపి, తమకు అనుకూలమైన దానిని పట్టుకోవడమే "అందరూ ఇలాగే తిప్పుతున్నారు" అన్న మాటకు మూలం.

రెండవది నిరభ్యంతర పత్రం. దీనికి 28వ నమూనాలో, వాహనం నమోదైన పాత కార్యాలయంలోనే దరఖాస్తు చేయాలి. వాహనం దొంగసొత్తు కాదని పోలీసుల నివేదిక, పన్ను బకాయిలు లేవన్న నిర్ధారణ చూసిన తరువాతనే దానిని ఇస్తారు. 48వ సెక్షన్ అధికారికి ముప్పై రోజుల గడువు ఇచ్చింది. ఈ లోగా ఇచ్చినట్టు గాని నిరాకరించినట్టు గాని తెలియజేయకపోతే ఇచ్చినట్టే భావించాలని కూడా చట్టం చెబుతున్నది. కాబట్టి దరఖాస్తు అందినట్టు రసీదు తప్పక దాచుకోవాలి. వీలైతే ఈ పత్రం చేతికి వచ్చిన తరువాతనే పూర్తి సొమ్ము చెల్లించి వాహనం తెచ్చుకోవడం ఇరువురికీ క్షేమం. ఆ పెద్దాయన మొదటే చెప్పినది ఇదే.

మూడవది పాత అప్పు. ఆయన ఎప్పుడో బ్యాంకు అప్పు తీర్చివేశారు. కాని రిజిస్ట్రేషన్ పత్రంలో తాకట్టు నమోదు అలాగే ఉండిపోయింది. బ్యాంకు సంతకంతో 35వ నమూనా ఇచ్చి దానిని తొలగించిన తరువాతనే మిగతా పని కదిలింది. కొనేముందు పత్రంలోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు వాహనంపై ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. చలానా బకాయిలు ఉన్నాయేమో పరివాహన్‌లో చూడాలి.

నాలుగవది బీమా. యాజమాన్యం మారినప్పుడు ఇతరులకు కలిగే నష్టానికి ఉన్న బీమా కొన్నవారికి బదిలీ అయినట్టే 157వ సెక్షన్ భావిస్తుంది. అయినా పద్నాలుగు రోజులలోగా తమ పేరుకు మార్చమని కొన్నవారు బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. అలా చేయకపోతే సొంత వాహనానికి జరిగిన నష్టం కోరే వేళ చిక్కు వస్తుంది.

చివరగా, నిరభ్యంతర పత్రంతో మన జిల్లాలో దరఖాస్తు చేశాము. కొత్త నంబరు కోసం 27వ నమూనా, బదిలీ కోసం 29వ, 30వ నమూనాలు. ఈసారి తేదీలతో సహా. అధికారి వాహనాన్ని చూశారు. దాని వయసును బట్టి జీవితకాల పన్ను లెక్క కట్టారు, చెల్లించాము. ఒడి అక్షరాలున్న పాత పలక తీసి, ఏపీ 39 వరుసలోని కొత్త పలక బిగించారు. ఆలస్యానికి పడిన అదనపు రుసుము కూడా కట్టాము. పన్ను చెల్లించిన రసీదును చేతిలో పట్టుకొన్నప్పుడు మాకు నష్టపోయిన భావన కలగలేదు. అమ్మీజాన్‌ను తీసుకొని దిగే ఆ ఘాట్ రోడ్డు ఏ సొమ్ముతో నిలిచి ఉన్నదో ఆలోచించాము. నాలుగు నెలలు దానిపై ఉచితంగా తిరిగాము.

పని పూర్తయిన రోజున కొత్త పత్రం నకలు తీసుకొని మేము, మా అబ్బాయి జయపురం వెళ్లాము. మా అబ్బాయే ఆయన చేతులు పట్టుకొని, "మాస్టారూ, తప్పు నాది. మీ పేరు మీకు తెచ్చి ఇస్తున్నాను" అన్నాడు. ఆయన కళ్లజోడు పెట్టుకొని పత్రాన్ని ఆసాంతం చదివి, మడిచి, తన పాత పత్రాల సంచిలో పెట్టుకొన్నారు. తరువాత అమ్మీజాన్ ఆరోగ్యం ఎలా ఉన్నదని అడిగారు. ఎడమ తలుపు ఇంకా కారుతున్నదా అని కూడా అడిగారు.

గౌరవనీయులైన సోదర సోదరీమణులారా, మన ఇళ్లలో ఎవరి పేరనో తిరుగుతున్న వాహనం, ఎవరి పేరనో ఉన్న సిమ్ కార్డు, ఎవరి పేరనో నడుస్తున్న కరెంటు మీటరు ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. సొమ్ము చెల్లించాము కదా అని ఊరుకోకండి. అవతలి మనిషి రాత్రి నిశ్చింతగా నిద్రపోగలిగినప్పుడే బేరం ముగిసినట్టు. ఇప్పుడు జాబిర్ (రజి) గారి హదీసు బోధించే రోజున మేము మా వాహనం కథను కూడా విద్యార్థులకు చెబుతాము. పిల్లలు నవ్వుతారు, మేమూ నవ్వుతాము. కాని ఆ పాఠం వారు మరచిపోవడం లేదు.

మన లావాదేవీలలో పారదర్శకతను, మనకు అప్పగించిన ప్రతి అమానత్‌ను సకాలంలో తిరిగి ఇచ్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.